ఎదురొచ్చి పిలువు

గోడవైపు తిరిగి నిలబడమంటే, మిల్లులో అందరూ పిన్ని అని పిలిచే ఆమె బుద్ధిగా తిరిగి నిలబడింది. ఆఫీసు గదిలో తల దించుకుని ఉండాలని చిన్నప్పుడెవరు నేర్పారో, తల కూడా దించుకుంది. ఆమె వెనక, గదికి అటు చివర, మేస్త్రీ నిలబడ్డాడు. అతని పక్కన బల్ల ముందు గుమాస్తా కలం మూత తీసి కూర్చున్నాడు. మేస్త్రీ మామూలు గొంతుతో ఆమె పేరు పిలిచాడు. పిన్ని కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. పైట సర్దుకుంది గానీ వెనక్కి తిరగలేదు. మూడోసారి పిలవడానికి మేస్త్రీకి నోరు రాలేదేమో, గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా కాగితం మీద ఒక గీత గీశాడు. దాంతో పిన్ని ఉద్యోగం పోయింది.

పోయిందని ఆమెకింకా తెలీదు. భుజం తట్టి బయటికి నడిపిస్తుంటే, "పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారు బాబూ?" అని అడిగింది.

మిల్లులో కొత్త నియమం ఇది. చెవులు సరిగ్గా లేనివాళ్ళు యంత్రాల దగ్గర ఉంటే ప్రమాదమట, వాళ్ళ క్షేమం కోరే ఇంటికి పంపిస్తున్నారట. పరిహారం మాటెత్తితే, చెవుడు వయసుతో వస్తుంది, మాకేం సంబంధం అంటున్నారు. మగ్గాల షెడ్డు తలుపు తీసి ఒక్క పూట లోపల నిలబడితే ఏం సంబంధమో వాళ్ళకే తెలుస్తుంది. అక్కడ చప్పుడు చెవుల్లోంచి రాదు, కాళ్ళలోంచి పైకెక్కి గుండెల్లో గుద్దుతుంది. అంత చప్పుడు మధ్య జీవితమంతా నిలబెట్టి, చివరికి నీకు వినపడదు ఫో అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ ధైర్యం మన మేనేజరు దగ్గర పుష్కలంగా ఉంది.

పిన్ని తర్వాత వంతు పాటలక్కది. ఆమె అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరూ పలకరు. మగ్గం నడుపుతూ పాటలు కడుతుంది కాబట్టి పాటలక్క. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది పోయే దారిలో ఉంది. ఆ సంగతి ఇంట్లో కోడలికొక్కదానికే తెలుసు. మిల్లులో ఎవరికీ తెలీదని పాటలక్క నమ్మకం.

ఆమె కూడా గోడవైపు తిరిగి నిలబడింది. కానీ తల దించలేదు. గోడలో కిటికీ ఉంది. అవతల గోదాము నీడ పడి కిటికీ అద్దం నల్లగా ఉంది. ఆ నలుపులో గదంతా కనపడుతోంది. బల్ల, గుమాస్తా, మేస్త్రీ, మేస్త్రీ నోరు. ఆ నోరు తెరుచుకుని ఆమె పేరులోని మొదటి అక్షరం ఆకారం కట్టేసరికి పాటలక్క గిర్రున వెనక్కి తిరిగింది.

"భేష్! నీవి పాము చెవులమ్మా" అన్నాడు గుమాస్తా.

మేస్త్రీ కిటికీ అద్దం వైపు ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. ఒకప్పుడు అతను పాటలక్క పక్కమగ్గం మీద పని నేర్చుకున్నవాడే.

బయట మెట్ల మీద పిన్ని కూర్చుని ఉంది. ఈలోగా ఎవరో విషయం చెప్పారు. ఏడవడం లేదు. నడుముకి కట్టుకునే చిన్న కత్తెర తాడు విప్పుతోంది. ముడి బిగుసుకుపోతే పళ్ళతో లాగి విప్పింది. కత్తెర పాటలక్క చేతిలో పెట్టి, "నా మగ్గం మీద పడుగు సగంలో ఉందే. ఎడమ అంచు పోగు వదులవుతోంది. కాస్త కనిపెట్టుకుని ఉండు" అంది.

తన చెవులకన్నా పిన్ని చెవులేం అధ్వాన్నం కాదు. పిన్ని తల దించుకుంది, తను ఎత్తింది. అంతే తేడా. పాటలక్కకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, కాస్త ఆలస్యంగా, ఒళ్ళు మండిపోయేంత కోపం వచ్చింది.

*

షెడ్డులో గొంతుకి పనిలేదు. ఎంత చించుకున్నా పక్కమగ్గానికి చేరదు. అందుకని అక్కడివాళ్ళంతా పెదాలతో మాట్లాడుకుంటారు. ముఖానికి ముఖం పెట్టి, పెదాలు సాగదీసి, గొంతులోంచి చుక్క శబ్దం లేకుండా మాటని ఆకారం కట్టి చూపిస్తారు. కనుబొమలు, గడ్డం, చేతులు సాయం వస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి అందరూ చేపల్లా నోళ్ళు తెరుస్తున్నట్టుంటుంది. నెల తిరిగేసరికి వాళ్ళూ చేపలైపోతారు. ఈ పెదాల మాట మీదే ఆ షెడ్డులో పెళ్ళిసంబంధాలు కుదిరాయి, చెడ్డాయి, సమ్మెలు మొదలయ్యాయి. మేనేజరు నడవలోంచి పోతుంటే అతని నడక మీద పరిహాసాలు అతని తలమీదుగానే అటూ ఇటూ ఎగురుతాయి. పాపం, అతను చుట్టూ ఉన్న నవ్వుముఖాలు చూసి మనవాళ్ళు సంతోషంగా ఉన్నారనుకుంటాడు.

పాటలక్క తన మగ్గం దగ్గరికొచ్చి కండె మార్చి, నాడె బిగించి, మగ్గం పిడి లాగింది. అడ్డపోగు మోస్తూ నాడె అటు పోయి ఇటు వస్తోంది. అటు పోయేటప్పుడు ఒక మాట, ఇటు వచ్చేటప్పుడు ఒక మాట. ఆమె పాటలన్నీ అలా పుట్టినవే. మగ్గం ఆగితే ఆమెకి ఒక్క ముక్క తోచదు.

కాసేపటికి నడవకి అవతల మగ్గం మీదున్న ఆమెని చెయ్యెత్తి పిలిచి, పెదాలతో మొదటి రెండు పాదాలు చూపించింది.

*వెనక నిలిచి పిలిచేవాడా,*
*ఎదురొచ్చి పిలువు.*

అవతలి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తిరిగి పక్కవాళ్ళకి చూపించింది. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. పాట పుట్టినప్పుడల్లా షెడ్డులో ఇదే పద్ధతి. పాట వరసల వెంట ఆ చివరికి పోతుంది, అక్కణ్ణుంచి రెండో నడవలో తిరిగి వస్తుంది. దారిలో ఎవరికి నచ్చని మాట వాళ్ళు మారుస్తారు. వచ్చింది బాగుంటే కట్టినవాళ్ళు ఒప్పుకోవాలి, బాగాలేకపోతే మళ్ళీ పంపాలి. పాటలక్క మగ్గాన్ని చూపిస్తూ "దాన్నడుగు నా ఖరీదు" అని పంపింది. అది చుట్టూ తిరిగి "దాన్నడుగు నా విలువ" అని వచ్చింది. ఎవరు మార్చారో తెలీదు. పాటలక్క తెగిన పోగు ముడివేస్తూ తలూపింది. నిజమే, ఖరీదు బట్టకి ఉంటుంది.

సాయంత్రం గంట కొట్టేలోపల పాట పూర్తయింది.

*నా చెవులు తిన్నది నీ మగ్గం,*
*దాన్నడుగు నా విలువ.*

*పోగు తెగితే కంటికి తెలుసు,*
*ముడి వేలికి తెలుసు.*
*మాట తెగితే అతికే విద్య*
*మా పెదవికి తెలుసు.*

*ఊరికంతా బట్ట నేసి*
*ఊరుకున్నవాళ్ళం.*
*ఊరుకుంటే మూగలనకు,*
*చూడు మా నోళ్ళు.*

షెడ్డు మొత్తానికి అది నోటికొచ్చేసింది. ఒక్కరు కూడా దాన్ని చెవితో వినలేదు.

*

యూనియన్ గది సైకిల్ షాపు మీద ఉంది. మెట్లెక్కుతుంటే టైర్లు అతికించే జిగురు వాసన వస్తుంది. లోపల గోడకి పాత నాటకాల సరంజామా వేలాడుతోంది: అట్టతో చేసిన యజమాని టోపీ, ఊచలు గీసిన జైలు తలుపు, చెక్క తుపాకీ. ఏ గొడవ వచ్చినా ఈ గదిలో ముందు నాటకం పుడుతుంది, ఆ తర్వాతే తీర్మానం రాస్తారు. తీర్మానం చదివినవాళ్ళు తక్కువ గానీ నాటకం చూడనివాళ్ళు ఆ పేటలో లేరు.

ఈసారి నాటకం పిన్ని కథే. దర్శకుడు పాటలక్క సొంత తమ్ముడు. మిల్లులో నూలుకి రంగులద్దే ఖాతాలో పని, మోచేతులదాకా నీలం, ఏ సబ్బుకీ పోదు. మేనేజరు వేషం ఎప్పటిలాగే నూనెడబ్బాది. యంత్రాలకి నూనె పోసే ఆ మనిషి చీమకి కూడా దారిస్తాడు. వేదిక మీద ఎవర్నైనా తిట్టాల్సి వస్తే, తెర పడగానే వెళ్ళి క్షమాపణ అడుగుతాడు. నేతగత్తె వేషం పాటలక్కది. ఆ మాట ఎవరూ ఎవర్నీ అడగలేదు. పాట ఆమెది, ఇంకెవరు వేస్తారు?

దృశ్యం చిన్నదే. నేతగత్తె గోడవైపు తిరిగి నిలబడుతుంది. వెనకనుంచి మూడుసార్లు పిలుస్తారు. ఆమె తిరగదు. అప్పుడు గంట మోగుతుంది. గంట మోగగానే ఆమె జనంవైపు తిరిగి పాట చెప్పాలి.

పిలుపు అయింది. గంట మోగింది. పాటలక్క గోడనే చూస్తూ నిలబడింది.

"తిరగకూడని చోట ఎంత బాగా తిరగలేదో చూశారా!" అని నూనెడబ్బా మెచ్చుకున్నాడు. అంతా నవ్వారు. మళ్ళీ చేశారు. మళ్ళీ గంట మోగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తమ్ముడు గంట ఇంకా గట్టిగా కొట్టించాడు. చివరికి ఎవరో చేత్తో సైగ చేస్తే తిరిగి, పాట మొదలుపెట్టింది. పెదాలు అద్భుతంగా కదులుతున్నాయి. గొంతు లేదు.

"గొంతు అక్కా, గొంతు!"

ఆమె గొంతు పెంచింది. ఎంత పెంచిందో ఆమెకెలా తెలుస్తుంది? కింద సైకిల్ షాపువాడు పానా జారవిడిచి, ఎవరికేమైందోనని పైకి పరిగెత్తుకొచ్చాడు.

తమ్ముడికి చిరాకొచ్చింది. పొద్దుటినుంచీ రంగు తొట్ల ఆవిరిలో నిలబడ్డ మనిషి. పక్కకి తిరిగి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని!" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. ఆమె వినలేదు. చూసింది.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళాడు.

"ఎప్పట్నుంచి అక్కా?"

"ఏళ్ళయింది. నువ్వడగలేదు."

"నాతో ఒక్క మాట అనలేదు."

"అంటే వేషం ఇచ్చేవాడివా?"

అతను నీలం చేతులు రెండూ ముఖం మీద రుద్దుకున్నాడు. "నాటకం గేటు ముందు మైదానంలో. మేనేజరు వరండాలో నిలబడి చూస్తాడు. అంతమందిలో గంట వినక నువ్వు గోడకేసి నిలబడిపోతే మర్నాడే నిన్ను పంపించేస్తారు. పిన్ని కోసం ఆడే నాటకంలో నిన్ను పోగొట్టుకోమంటావా? కోడలుపిల్ల చేస్తుంది. దాని గొంతు గంటలా ఉంటుంది."

"పాట నాది రా."

"నీదే. ఎవరు కాదన్నారు?"

"నీదే అంటూనే లాక్కుంటున్నావు కదరా. మేనేజరూ అంతే, నా మంచికోసమే."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

కోడలు అదే మిల్లులో మడతల గదిలో పని చేస్తుంది. అక్కడ యంత్రాల్లేవు, బట్ట మడిచే సర్రు సర్రు తప్ప చప్పుడు లేదు. అందుకని అక్కడివాళ్ళకి చెవులూ మిగిలాయి, గొంతులూ మిగిలాయి. వచ్చిన కొత్తలో, అత్తగారికి కోపమొస్తే గొంతు లేకుండా పెదాలతో తిట్టడం చూసి హడలిపోయేది. ఇప్పుడు ప్రతి తిట్టూ చదవగలదు. "మా అత్తయ్య తిట్లు వినపడవు, కనపడతాయి" అని మడతల గదిలో గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రం పెరట్లో ఇద్దరూ చెరో కొస పట్టుకుని దుప్పటి పిండుతున్నారు. కోడలు పాట చెబుతోంది. అత్తకి ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా చెబుతోంది.

"అంత తియ్యగా అనకు. జోలపాటా అది?" అంది పాటలక్క.

"నా గొంతే అంత అత్తయ్యా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మీరే కదా అంటారు."

"ఊరిని మంచి చేసుకోడానిక్కాదు ఇది. అడగడానికి. 'నా విలువ' అన్నప్పుడు పెదవి అలా ముడిచి వదిలెయ్యకు. కొరికి పట్టుకో. ఇలా."

దుప్పటి వదిలేసి పాట మొత్తం పెదాలతో చెప్పింది. సంధ్య వెలుతురు సరిగ్గా ముఖం మీద పడుతోంది. కోడలు తడి దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నా చూసుకోలేదు.

"ఇంకోసారి చెప్పండి."

"వచ్చింది కదా నీకు."

"నేర్చుకోడానిక్కాదు."

పాటలక్క మళ్ళీ దుప్పటి అందుకుని కసిగా మెలిపెట్టింది.

"నా మీద కోపంగా ఉంది కదూ?" అంది కోడలు.

"ఉంది."

"ఈ వేషం నేనడిగానా?"

"అడగలేదు. నీ నోట్లో నా పాట బాగుంది. అదే నా కోపం. బాగాలేకపోతే హాయిగా ఉండేది."

కోడలికి నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "నేను జనంలో మీకెదురుగా కూర్చుని, గంట మోగగానే తలూపుతాను. మీరే చెయ్యండి. మీ తమ్ముడికి నేను నచ్చజెబుతా."

"వాడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే న్యాయం. వీపు తిప్పి నిలబడ్డదాన్ని నీ తల ఎక్కడ చూస్తాను?" పాటలక్క దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "నువ్వే చెయ్యి. కానీ నా పరువు తీయకు."

ఒప్పుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు. బతుకంతా షెడ్డులో చప్పుడుకింద అణిగిపోయిన పాటలే కట్టింది. ఒక్కటి, ఒక్కసారి, తన నోటితో అందరిముందూ చెప్పాలని ఉంది. అది అత్యాశ అని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడ్డానికి సిద్ధంగా ఉంది.

*

నాటకం రోజు షిఫ్టు మారే వేళకి మైదానం నిండిపోయింది. పగటి షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోలేదు, రాత్రి షిఫ్టు ఎక్కాల్సినవాళ్ళు ముందే వచ్చారు. జైలు తలుపు, యజమాని టోపీ, గోడ అని రాసిన అట్ట, అన్నీ చెక్కల అరుగు మీదికి చేరాయి.

అప్పుడు చూశారు ఎదురుగా దవాఖానాకి వేలాడుతున్న బోర్డు. నిన్నటిదాకా తలనొప్పి మాత్రకే గతిలేని కంపెనీ దవాఖానా అది. తెల్లవారేసరికి 'ఆసుపత్రి, నిశ్శబ్దం పాటించండి' అయిపోయింది. రంగు ఇంకా ఆరలేదు. లోపల రోగులు లేరు, మంచాలు కూడా లేవు. బోర్డు కింద మాత్రం పోలీసు ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తమ్ముడిని పిలిచి చెప్పాడు. "ఆసుపత్రి ముందు మైకు లేదు, పాట లేదు, నినాదం లేదు, గంట లేదు. మాట వినపడిందంటే అందర్నీ వ్యాను ఎక్కిస్తాను. నిలబడాలనుకుంటే నిలబడండి, నాకభ్యంతరం లేదు." తర్వాత టోపీ తీసి బట్టతల మీది చెమట తుడుచుకుంటూ స్నేహంగా, "ఊరుకున్నంత ఉత్తమం లేదయ్యా" అన్నాడు.

జనంలోంచి ఎవరో సామెత పూర్తిచేశారు. "బోడిగుండంత సుఖం లేదు!"

ఇన్‌స్పెక్టరు గబుక్కున టోపీ పెట్టుకున్నాడు. నవ్వులు లేచి, అతను లాఠీ అందుకోగానే ఆగాయి. గేటు వెనక షెడ్డులోంచి, సాయంత్రపు షిఫ్టువాళ్ళు నడిపే మగ్గాల చప్పుడు మాత్రం ధనధనా వస్తూనే ఉంది. దానికి ఆ బోర్డు ఎవరూ చదివి వినిపించలేదు. ఆఫీసు వరండాలో మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మేస్త్రీ ఉన్నాడు.

తమ్ముడు అరుగు వెనక చతికిలబడ్డాడు. "అయిపోయింది. మాట లేకుండా నాటకమేంటి? సర్దెయ్యండి."

కోడలు నేతగత్తె వేషంలో ఉంది. నడుముకి అత్తగారిచ్చిన పిన్ని కత్తెర కట్టుకుంది. ఒకసారి జనాన్ని చూసింది. ముందువరసలన్నీ షెడ్డువాళ్ళు. అలవాటు ప్రకారం అందరూ చెవులు కాదు, కళ్ళు అప్పగించి కూర్చున్నారు. ఆమె గబగబా కత్తెర తాడు విప్పి, జనంలోకి దిగి, పిన్ని పక్కన కూర్చున్న అత్తగారి నడుముకి కట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

కోడలు ముఖం దగ్గరగా పెట్టి, గొంతు లేకుండా పెదాలతో చెప్పింది. "నాకు గొంతొక్కటే ఉంది అత్తయ్యా. ఇవాళ దాంతో పనిలేదు. లేవండి."

పాటలక్క తమ్ముడివైపు చూసింది. అతను లేచి నిలబడి ఉన్నాడు. నీలం చేయి చాచి అరుగు ఎక్కించాడు.

ఆమె అట్టగోడకేసి తిరిగి నిలబడింది. నూనెడబ్బా యజమాని టోపీ పెట్టుకుని వెనక నిలబడి, నోరు పెద్దగా తెరిచి, శబ్దం లేకుండా పిలిచాడు. షెడ్డు మొత్తం ఆ పిలుపు చూసింది. ఆమె తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. తిరగలేదు. మూడోసారి పిలిచాక గంట మోగాలి. మోగలేదు. మోగినా ఆమెకి తెలిసేది కాదు. అరుగు చెక్కలమీదుగా కాళ్ళలోకి మగ్గాల అదురు ఎక్కుతోంది. ఆమె నాడె అటు పోయి ఇటు వచ్చేదాకా ఆగి, తన లెక్కన తను తిరిగింది.

పెదాలు విప్పింది.

*వెనక నిలిచి పిలిచేవాడా, ఎదురొచ్చి పిలువు.*

మైదానంలో గాలి తప్ప ఏమీ కదలలేదు. మొదటి నాలుగు పాదాలు ఆమె ఒక్కతే చెప్పింది. 'విలువ' అన్నచోట పెదవి కొరికి పట్టుకుంది. పోగు తెగితే కంటికి తెలుసు అనేసరికి ముందువరసలో ఒకామె పెదాలు కదిలాయి. ముడి వేలికి తెలుసు అనేసరికి వరసంతా కదిలింది. దారిలో ఆ పాట పట్టుకుని మార్చి పంపినవాళ్ళందరూ ఇప్పుడు దాన్ని ఆమెకి తిరిగి చెబుతున్నారు. వందలాది నోళ్ళు ఒక్కసారే తెరుచుకుని, ఒక్కసారే మూసుకుంటున్నాయి. చిన్న శబ్దం లేదు. ఇన్‌స్పెక్టరు లాఠీ పట్టుకుని లేచాడు, ఎవర్ని ఆపాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. ఆ పూట ఆ మైదానాన్ని చూసినవాళ్ళెవరూ నేతపనివాళ్ళకి నోరు లేదని ఇంకెప్పుడూ అనరు.

*ఊరుకుంటే మూగలనకు, చూడు మా నోళ్ళు.*

పాట అయిపోయింది. అక్కడితో దిగాలి. పాటలక్క దిగలేదు. జనంలో పిన్నిని చూసింది. వరండాలో మేనేజర్ని చూసింది. అతను తనను చూస్తున్నాడని తెలిసే, కుడిచేయి నెమ్మదిగా ఎత్తి కుడిచెవి మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. తర్వాత ఎడమచేయి ఎడమచెవి మీద. నాకూ వినపడదు.

తమ్ముడు అప్రయత్నంగా ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

ముందు పిన్ని లేచింది. రెండు చెవులమీదా చేతులు పెట్టుకుంది. ఆమె పక్కన ఇంకొకామె. వెనకవరసలో ఒకాయన. అలా లేస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళూ ఒకరికొకరు తెలీకుండా దాచుకున్నామనుకున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ముసలి దంపతులిద్దరు ఒకర్నొకరు చూసుకుని తెల్లబోయారు.

వరండాలో మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఏమంటున్నారు వీళ్ళు?" అని ఇన్‌స్పెక్టరు వైపు అరిచాడు.

"ఏమీ అనడం లేదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అదీ నిజమే.

మేనేజరు మేస్త్రీ వైపు తిరిగాడు. "నువ్వు షెడ్డులోంచి వచ్చినవాడివేగా. ఏదో చెప్పింది ఆమె, అందరూ చెప్పారు. ఏంటది?"

మేస్త్రీ అరుగువైపు చూశాడు. అతని పెదాలు కూడా చివరి చరణం దగ్గర కదిలాయని కోడలు తర్వాత ఒట్టేసి చెప్పింది.

"నాకు వినపడలేదు సార్" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే షెడ్డు వాళ్ళందర్నీ మళ్ళీ పరీక్షకి పిలిచారు. వరస ఆఫీసు గదిలోంచి మెట్లమీదుగా గేటుదాకా ఉంది. ఈసారి బల్ల దగ్గర గుమాస్తాతోపాటు మేనేజరు కూర్చున్నాడు. మొట్టమొదట పాటలక్క.

గోడవైపు తిరిగి నిలబడింది. కిటికీ అద్దం అలాగే నల్లగా ఉంది. అందులో మేస్త్రీ ఉన్నాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. అతని నోరు తెరుచుకుంది. ఆమె పేరు, అక్షరం అక్షరం, అద్దంలో స్పష్టంగా కనపడింది. మగ్గం పక్కన నిలబడి పని నేర్చుకునే రోజుల్లోలాగా పెదాలు సాగదీసి మరీ పిలిచాడు. ఆమెకి అర్థమైంది. తనని కాపాడటానికి అద్దంలోకి పిలుస్తున్నాడు. మొదటి రోజు కూడా అంతే.

తిరిగితే చాలు. ఉద్యోగం ఉంటుంది.

పాటలక్క తిరగలేదు. మళ్ళీ పిలిచాడు, ఇంకా స్పష్టంగా, బతిమాలుతున్నట్టు. ఆమె అద్దంలో అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది. నడుము దగ్గర పిన్ని కత్తెర పట్టుకుంది.

గుమాస్తా గీత గీశాడు. "తర్వాత!"

తర్వాతి ఆమె వచ్చి పాటలక్క పక్కన గోడకేసి నిలబడింది. పిలిచారు. తిరగలేదు. ఆ తర్వాతి ఆయనకి నిన్నగాక మొన్న పెళ్ళయింది, చెవులు లేడి చెవులు. అతనూ తిరగలేదు. గోడ పొడుగునా మనుషులు నిండిపోయారు. ఎవరూ బయటికి పోలేదు, ఎవరూ వెనక్కి చూడలేదు. షెడ్డులో మగ్గాలు ఒక్కటీ నడవడం లేదు. ఆ నిశ్శబ్దం ఆఫీసు గదిలో ఉన్నవాళ్ళకి అలవాటు లేదు. గుమాస్తా గీతలు గీసి గీసి, కలం కింద పెట్టి మేనేజరు ముఖం చూశాడు.

మేనేజరు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. అద్దంలో అతని పెదాలు చాలాసేపు మేస్త్రీతో ఏదో అంటూ కదిలాయి. పాటలక్క అంతా చదివింది. చదవనట్టే నిలబడింది.

చివరికి మేస్త్రీ గది దాటి వచ్చాడు. మనుషులకీ గోడకీ మధ్య ఉన్న కాస్త సందులోంచి ఒళ్ళు ముడుచుకుని దూరి, పాటలక్క ముందు నిలబడ్డాడు. ముఖానికి ముఖం పెట్టి, గొంతు లేకుండా, పెదాలు సాగదీసి చెప్పాడు.

"పరీక్ష ఎత్తేశారు అక్కా. పరిహారం సంగతి మాట్లాడతారట. మగ్గాల దగ్గరికి రండి. పిన్నిని కూడా రమ్మని కబురు పంపు."

పాటలక్క నడుముకున్న కత్తెర విప్పింది. అతని అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది.

"కబురు కాదు. నువ్వే వెళ్ళు. ఎదురుగా నిలబడి పిలువు."